చుక్కి దిగిన మిద్దె

ముందే చెప్పేస్తున్నాను, నాకు పావురాలంటే పడదు. బీదర్‌లో చౌబారా వెనక మా గల్లీలో, మా డాబాకూ నాగనాథన్న డాబాకూ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం. నేను ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను, చీరలకు ఫాల్ వేస్తాను. తడిపి ఆరేసిన చీర మీద పావురం రెట్ట వేస్తే చీరగలావిడ తిట్టేది నన్నే గానీ పావురాన్ని కాదు కదా. అందుకని ఈ కథలో నేను పావురాల పక్షం అనుకోకండి. నాగనాథన్న పక్షం అనుకుంటే మాత్రం కాదనను.

నాగనాథన్నకు గంజ్‌లో పప్పుల టోకు దుకాణం. తండ్రి హఠాత్తుగా పోతే పదో తరగతి మధ్యలోనే పుస్తకాలు మూసి గద్దె మీద కూర్చున్నాడు. ఇప్పుడు తల నెరిసింది, మనవలొచ్చారు, గద్దె మాత్రం దిగలేదు. పొద్దున టిఫిను తిని పోతే మళ్లీ రాత్రి అన్నం వేళకే రావడం. మధ్యలో సాయంత్రం నాలుగు గంటలకు మాత్రం, లారీ సరుకు దిగుతున్నా సరే, బేరం కుదిరే వేళైనా సరే, స్కూటరెక్కి ఇంటికొచ్చి నేరుగా డాబా మీదికి పోతాడు. గూళ్లు తెరుస్తాడు. వెదురు కర్రకు కట్టిన గుడ్డను ఊపి పావురాలను పైకి లేపుతాడు. అవి గుంపుగా ఆకాశంలో చుట్లు కొడుతుంటే మెడ వెనక్కి వంచి, నోరు తెరుచుకుని చూస్తూ నిలబడతాడు. చివరికి "ఆవ్... ఆవ్... ఆవ్" అని పిలుస్తూ డబ్బాలో జొన్నలు గలగలలాడిస్తే అన్నీ వచ్చి ఆయన చుట్టూ వాలతాయి. ఆ గంటసేపు ఫోను కింద ఇంట్లో మోగీ మోగీ ఊరుకోవలసిందే.

ఒకసారి చీరల గొడవ తేల్చుకుందామని గోడ దగ్గరికి పోయాను. ఆయన ఆకాశం మీంచి చూపు తీయకుండానే అన్నాడు. "పొద్దంత గిరాకీల మనిషిని, రాత్రయితె ఇంటోళ్ల మనిషిని. గీ ఒక్క గంటనే నాది, జ్యోతీ."

పిల్లవాడు జేబులో జామపండు దాచుకున్నట్టు అన్నాడు ఆ మాట. నేను చీర మడిచి చంకలో పెట్టుకుని కిందికి దిగిపోయాను.

ఇక ఆయన భార్య లీల వదినె. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. వదినె నోరు అంత మంచిదేమీ కాదు, అయినా ఊరంతా ఆమెకు మంచిదే. తిట్టకుండా ఆమె ఎవరికీ అన్నం పెట్టదు, అన్నం పెట్టకుండా ఎవరినీ పంపదు. పొద్దున అన్న దుకాణానికి పోతూ గూళ్ల తలుపులు తీసి పోతాడు. పక్షులు కాసేపు డాబా మీదే తిరుగుతూ ఎండ కాచుకుంటాయి. వాటిని మళ్లీ లోపలికి తోలి గడియ పెట్టే పని వదినెది. చాటలో బియ్యం పోసుకుని మెట్లెక్కి, గోడవారన పీట వేసుకుని కూర్చుంటుంది. ఇక మొదలు.

"నీ నోట్ల మన్నువడ! అప్పుడే తయారైనవా? ఇది మీ అత్తగారిల్లనుకున్నవా? ఓ నవాబూ, జరుగు, బియ్యంల కాలు వెట్టకు!"

ఒళ్లోని చాట అంచును అరచేత్తో టపటపా కొడుతుంది. నోరేమో మన్ను పడమంటుంది, చెయ్యి మాత్రం ఏరిన నూకలను గుప్పెడు గుప్పెడు తీసి వాటి ముందు పోస్తుంటుంది. ఆమె లెక్కలో అది తోలడం. "పీడలు, నన్ను బియ్యం ఏరుకోనియ్యవు" అని నాతో రోజూ మొర పెట్టుకునేది. ఆ పీడలన్నిటికీ పేర్లు పెట్టింది కూడా ఆవిడే.

వాటిలో చుక్కి అని ఒక ఆడ పావురం. ఒళ్లంతా తెలుపు, మెడ మీద మాత్రం దిష్టిచుక్క పెట్టినట్టు ఒక నల్ల మచ్చ. నీలం రంగు నవాబు దాని జోడు. ఎంత ఎత్తుకు పోయినా పిలిస్తే మొదట దిగేది అదేనని అన్న పదిమందికీ చెప్పుకునేవాడు. నిజానికి ఆయన ఆ ఇంట్లో గర్వంగా చెప్పుకునేవి రెండే. ఒకటి కలబురగి కాలేజీలో పాఠాలు చెప్పే కూతురు రష్మి, రెండోది చుక్కి.

ఆ రష్మే పోయిన డిసెంబరులో తల్లిదండ్రులను కదిలించింది. వదినె పుట్టి బుద్ధెరిగి సముద్రం చూడలేదు. కూతురూ అల్లుడూ పిల్లల సెలవులకు మురుడేశ్వర్, ఉడుపి తీసుకుపోతామని కారు మాట్లాడేశారు. అన్నకు కాళ్లు సాగలేదు. పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు చుక్కినీ నవాబునూ బుట్టలో పెట్టి తీసుకుపోదామా అని ఆలోచించిన మనిషాయన. అల్లుడు నవ్వేసరికి సిగ్గుపడి ఊరుకున్నాడు. దుకాణంలో తూకం చూసే నర్సింహులును పిలిచి, జొన్నలెన్ని వేయాలో, నీళ్ల కుండ ఎప్పుడు కడగాలో చెప్పి, చివరికి ఒక్క మాట గట్టిగా చెప్పాడు. "నేనచ్చేదాక గూళ్లు తెరవకు. ఇంట్ల మనిషి లేనప్పుడు పక్షి లేస్తె మళ్ల దిగుతదన్న గ్యారంటీ లేదు."

వాళ్లు పోయారు. పావురాలు బంద్, వదినె నోరు బంద్. ఆరేసిన చీర ఆరేసినట్టే ఉంది. రెండు రోజులు నేను హాయిగా మిషన్ తొక్కుకున్నాను. మూడోరోజు పొద్దున టీ గ్లాసు పట్టుకుని ఎందుకో డాబా మీదికి పోయి ఆ ఖాళీ పీట వైపు చూస్తూ నిలబడ్డాను. ఇల్లు పక్కనే ఉంది, మనిషి అలికిడి లేదు. నాకేం బాగోలేదు.

ఇంతలో ఎల్ల అమావాస్య వచ్చింది. మా బీదర్ వైపు ఆ రోజు ఊరు ఊరంతా చేన్లలో ఉంటుంది. జొన్న చేలో పూజ చేసి, అందరూ కలిసి కూర్చుని సజ్జ రొట్టె, ఆకుకూరలూ గింజలూ కలిపి వండిన భజ్జి తిని, అంబలి తాగి, పొద్దు వాలాక ఇళ్లకు వస్తారు. నర్సింహులు సొంతూరు మంగళగి. పొద్దున్నే కొత్త చొక్కా వేసుకుని వచ్చి, పావురాలకు జొన్నలు పోసి, నీళ్లు పెట్టి, కాసేపు గూళ్ల ముందు నిలబడ్డాడు. తర్వాత ఒక్కో తలుపూ తీసేశాడు.

"నర్సింహులూ, అన్న వద్దన్నడు గద" అన్నాను గోడ ఇవతల నుంచి.

"అక్కా, ఎల్లమాస నాడు ఎద్దుకు కాడి వెట్టం, బర్రెను గుడ కట్టెయ్యం. నేను శేన్ల కూసోని భజ్జి తింటుంటె ఇవి ఈడ తాళంల ఉంటె నాకు ముద్ద దిగుతదా? ఒక్క పూట తిరిగొస్తయి. పండుగ వాటికి గుడ పండుగనే."

అంటూనే మెట్లు దిగి ఊరికి పోయాడు. 

పొద్దుగూకే ముందు నర్సింహులు పరుగున తిరిగొచ్చాడు. అన్న పిలిచినట్టే ఆవ్ ఆవ్ అని పిలిచాడు, అన్న ఊపినట్టే డబ్బా ఊపాడు. అన్నీ దిగాయి, చుక్కి దిగలేదు. చీకటి పడేదాకా ఆకాశం వైపే చూశాడు. మర్నాడు తెలిసింది, అది రెండు గల్లీల అవతల అంబాదాస్ డాబా మీద వాలిందని.

ఈ అంబాదాస్ గడియారాలు బాగు చేస్తాడు. పావురాల పిచ్చిలో అన్నకు సరిజోడు. పావురాలు పెంచేవాళ్లలో ఒక కట్టుబాటు ఉంది, కాయ్దా అంటారు. పరాయి పక్షి తనంతట తాను మన డాబా మీద దిగి మన జొన్నలు తింటే అది మనది. పోగొట్టుకున్నవాడు పోయి అడగకూడదు, అడిగితే పరువు తక్కువ. ఇచ్చేవాడు తనంతట ఇస్తే తప్ప అది పోయినట్టే. బజారులో ఎంత బేరమైనా ఆడొచ్చు గానీ పావురం దగ్గర ఆడకూడదు.

వాళ్లు ఊరినుంచి వచ్చిన సాయంత్రం నేను వాకిట్లోనే ఉన్నాను. కారు ఆగింది. వదినె దిగి, సంచులు దింపించుకుంటూ డ్రైవర్‌ను తిడుతోంది. అన్న చెప్పులు కూడా విడవకుండా మెట్లెక్కాడు. నేనూ మా మెట్లెక్కాను. ఒక్క చూపు చూశాడు, అంతే.

"చుక్కి ఏది?"

నర్సింహులు తల వంచుకుని జరిగింది జరిగినట్టు చెప్పాడు. నేను గోడ పట్టుకుని నిలబడ్డాను, ఇక పిడుగు పడుతుందని. అన్న నవాబు గూటి దగ్గరికి పోయి, వంగి చూసి, మళ్లీ నిటారుగా నిలబడ్డాడు.

"భజ్జి మంచిగైందా?" అని అడిగాడు.

"అయింది, సేఠ్."

"శేను?"

"మంచిగుంది, సేఠ్."

"సరే. ఇంటికి వో. పొద్దువోయింది."

నర్సింహులు కండువా నోటికి అడ్డం పెట్టుకుని దిగిపోయాడు. నాలుగు దెబ్బలు కొట్టినా వాడు అంత ఏడ్చేవాడు కాదు.

ప్రయాణం నుంచి వచ్చాక ఇల్లు ఎలా ఉంటుందో ఆడవాళ్లను అడగాలి. వెళ్లినవాళ్లు తిరిగొస్తారు, వాళ్ల వెనకే మురికి బట్టల మూట, ప్రసాదాల సంచీ, సరుకులు నిండుకున్న డబ్బాలూ వస్తాయి. వదినె బకెట్ల కొద్దీ ఉతికింది. ఉతికిన ప్రతి గుడ్డలోంచీ ఇసుక రాలింది. దుకాణంలో అన్న కోసం పని పేరుకుని ఉంది. రెండు రోజులు ఆయన నాలుగు గంటలకు రానే లేదు. మూడోరోజు వచ్చాడు. వచ్చి గూళ్లు తెరిచాడు గానీ కర్ర ఎత్తలేదు. పక్షులు వాటంతటవే కాళ్ల దగ్గర తిరుగుతుంటే నీళ్ల ట్యాంకుకు ఆనుకుని కూర్చున్నాడు. పక్కన నవాబు మెడ పొట్టలోకి ముడుచుకుని కూర్చుంది. ఇన్ని రోజులు ఏ గంట కోసం సముద్రం ఒడ్డున తహతహలాడాడో ఆ గంట చేతికొచ్చింది, దానితో ఏం చేయాలో ఆయనకు తెలియలేదు. నాకు జాలేసింది. పావురం మీద కాదు, ఆయన మీద.

ఆ రోజే వదినె నాకు ప్రసాదమూ, గవ్వలు కుట్టిన చిన్న పర్సూ తెచ్చిచ్చింది. మిషన్ పక్కన కూర్చుని, "సముద్రం ఎట్లుంది?" అని నేనడిగితే, ఆ పర్సును మళ్లీ తన చేతిలోకి తీసుకుంది.

"మస్తు పెద్దగుంది. ఎంత దూరం చూసినా నీళ్లే. నాకైతే ఏడుపొచ్చిందే, జ్యోతీ. ఆయన చెయ్యి వట్టుకోని గట్లనే కూసోవాలనిపిచ్చింది." పర్సు జిప్పు తెరుస్తూ మూస్తూ అంది. "నాలుగైంది. ఆయన గడియారం చూసుకున్నడు. ఇప్పుడు లేపే టైము, అన్నడు. గంతే, ఇగ మనిషి ఈడ లేడు. తెల్ల కొంగలు ఎగురుతుంటె వాటి దిక్కు చూస్తున్నడు గని నా దిక్కు లేదు, సముద్రం దిక్కు లేదు. ఆ గంట ఒక్కరోజన్న నాకియ్యరాదా అని అడిగిన. వినవడనట్టే ఊకున్నడు."

నేనేదో సర్ది చెప్పబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "ఇప్పుడు చూడు. చుక్కి పోయిందని అన్నం తింటలేడు. నేను పోతె తింటడో తినడో" అని లేచింది. అది కోపమో, ఇంకోటో, ఆమెకే తెలియాలి. గుమ్మం దాటుతూ మళ్లీ వెనక్కి తిరిగి, "ఆ పీడ ఏం తింటుందో ఏమో. దానికి పెద్ద జొన్నలు గొంతు దిగయి" అంది.

మర్నాడు అంబాదాసే వచ్చాడు. ఇంటి ముందు నిలబడి, లోపలికి రమ్మన్నా రాకుండా, అన్నతో చెప్పాడు. "సేఠ్, చుక్కి నా దగ్గరుంది. రెక్కలు కత్తిరియ్యలే. దారం గట్టిన, గంతే. మీ జోడు విడిపోయిందంటె నా మనసొప్పలే. ఐతారం దారం ఇప్పుత. మీరు పిలువుండ్రి, నేను పిలుస్త. ఎవరి మిద్దె మీద దిగితె వాళ్లది. మళ్ల మాట ఉండొద్దు."

ఇది పెద్ద మర్యాద. వేరేవాడైతే రెక్కలు కత్తిరించి, కొత్తవి మొలిచేదాకా గూట్లో పెట్టి, తన పక్షిని చేసుకునేవాడు. అన్న ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. కానీ అంబాదాస్ పోయాక గోడ దగ్గర నాతో అన్న మాట వేరు. "ఇన్ని దినాలు వాని గింజలు తిన్నది, జ్యోతీ. ఆడికే అలవాటైతది. ఐతారం దిగకపోతె ఇగ దిగనట్టే. మళ్ల అడిగే ముచ్చట లేదు."

ఆదివారం వచ్చింది. ఆదివారం ఎందుకంటే, ఆ రోజు మా ఊరి ఎయిర్‌ఫోర్స్ వాళ్ల విమానాలు లేవవు, పక్షి బెదరదు. గంజ్ కూడా బంద్. అన్న మధ్యాహ్నం నుంచే డాబా మీద ఉన్నాడు. ఊడ్చాడు, నీళ్ల కుండ కడిగాడు, కొత్త జొన్నలు పోశాడు, నవాబును పిట్టగోడ దగ్గర పైనుంచి కనిపించేట్టు సందులున్న గంప కింద పెట్టాడు. వదినె చాట పట్టుకుని మెట్లెక్కబోతే కిందికి వంగి చెయ్యి ఊపాడు.

"లీలా, నువ్వు ఇయ్యాల పైకి రాకు. నీ లొల్లికి బెదిరి పోతది."

వదినె అక్కడే నిలబడిపోయింది.  వెనక్కి తిరిగి, చాట అలాగే పట్టుకుని, మా ఇంటికొచ్చి, మా మెట్లెక్కి, మా డాబా మీద గోడ ఇవతల చతికిలబడింది. ఊరికే కూర్చోవడం ఆమెకు రాదు. బియ్యం ఏరడం మొదలుపెట్టింది. తల ఎత్తలేదు. నేను పక్కన కూర్చుని జాకెట్టుకు హుక్కులు కుట్టాను, అన్నీ వంకరగా వచ్చాయి.

నాలుగయ్యేసరికి రెండు గల్లీల అవతల అంబాదాస్ డాబా మీద చెయ్యి లేచింది. తెల్లటి పక్షి పైకి లేచింది.

"ఆవ్... ఆవ్... ఆవ్!" ఇటు అన్న.

"ఆవ్... ఆవ్... ఆవ్!" అటు అంబాదాస్.

ఇటు జొన్నల డబ్బా, అటు జొన్నల డబ్బా. పిలుపు ఒక్కటే, గలగల ఒక్కటే. పావురాలు పెంచేవాళ్లందరూ పిలిచేది ఇలాగే. పాపం పక్షి చేసేదేముంది? మా వైపు వచ్చింది, అన్న గొంతు పెద్దదయ్యింది. దాటి పోయింది. అటు తిరిగింది, అంబాదాస్ వైపు దిగుతున్నట్టే దిగి మళ్లీ లేచింది. రెండు డాబాల మధ్య అలా చుట్లు కొట్టీ కొట్టీ, ఎవరిదీ కాని ఒక మూడంతస్తుల బిల్డింగు ట్యాంకు మీద వాలి కూర్చుంది.

అన్న పిలుస్తూనే ఉన్నాడు. గొంతు బొంగురుపోయింది. మధ్యలో "రా తల్లీ, నా తల్లీ" అంటున్నాడు. గంజ్‌లో ఆయన మాటకు ఎదురు లేదు, ఇక్కడ ఒక పిట్టను బతిమిలాడుతున్నాడు. నేను చూడలేక తల దించుకున్నాను. అప్పుడు కనిపించాయి వదినె చేతులు. బియ్యంలో కదలకుండా ఉన్నాయి. ఆమె గోడ మీదుగా మొగుడిని చూస్తోంది. కళ్ల నిండా నీళ్లు.

చుక్కి ట్యాంకు మీంచి లేచింది. ఈసారి అటూ ఇటూ కాదు, కోట వైపు తిరిగింది. అన్న పిలవడం ఆగిపోయింది. డబ్బా ఊపే చెయ్యి అలాగే ఉండిపోయింది.

వదినె ఒక్క ఉదుటున లేచింది.

"ఓ చుక్కీ! నీ నోట్ల మన్నువడ! ఏడికే పోతున్నవ్? గా కోట మీ తాతల జాగీరా? నీకు ఇల్లు లేదా, వాకిలి లేదా? మొగుణ్ని ఈడ వడేసి ఊర్లు తిరుగుతవా? దిగు! దిగుతవా లేదా!"

చాటను ఎడమ చేత్తో పైకెత్తి కుడిచేత్తో వెనక టపటపటపా కొట్టింది. బియ్యమంతా నా నెత్తిన పడింది. గల్లీ గల్లీ అంతా డాబాల మీదికొచ్చి చూసింది. ఆకాశంలో తెల్లటి పక్షి ఒక రెక్క మీద ఒరిగి, చుట్టు తిరిగి, రాయి విసిరితే వచ్చినట్టు నేరుగా వచ్చింది. అన్న డాబా దాటింది. గోడ దాటింది. వదినె కాళ్ల దగ్గర, చెల్లాచెదురుగా పడిన బియ్యంలో దిగి, ఏమీ జరగనట్టు గింజలు ఏరుకోవడం మొదలుపెట్టింది.

బీదర్‌లో ఆవ్ ఆవ్ అని పిలిచేవాళ్లు ఎందరైనా ఉంటారు. అలా తిట్టే మనిషి ఒక్కతే. రోజూ పొద్దున ఆ తిట్ల వెనకే గుప్పెడు నూకలొస్తాయని చుక్కికి తెలుసు, మా ఎవరికీ తెలియకపోయినా.

వదినె కూలబడి పక్షిని రెండు చేతులా తీసుకుంది. "ఏడ వోయినవే? ఏం తిన్నవే? ఎండుక పోయినవు గదనే" అని దాని మెడ మీద చుక్కను బొటనవేలితో నిమురుతూ ఏడ్చింది. అంత పెద్ద నోరున్న మనిషి అంత మెల్లగా మాట్లాడడం నేను ఎప్పుడూ వినలేదు.

కాసేపటికి అంబాదాస్ రొప్పుతూ, చెప్పులు కూడా లేకుండా మా మెట్లెక్కి వచ్చాడు. చుక్కిని చూశాడు, గోడ అవతల అన్నను చూశాడు, నన్ను చూశాడు. చూసి తల గోక్కున్నాడు.

"కాయ్దా అంటె కాయ్దా. నా మిద్దె మీద దిగలే, సేఠ్ మిద్దె మీద దిగలే. జ్యోతక్క మిద్దె మీద దిగింది, జ్యోతక్క బియ్యం తిన్నది. ఇగ పక్షి జ్యోతక్కది."

"బియ్యం నాయి" అంది వదినె కళ్లు తుడుచుకుంటూనే.

చూశారా నా ఖర్మ. పావురాలంటే పడని నాకే పావురం వచ్చి పడింది. "నాదే అయితె, నా ఇష్టమొచ్చినట్టు చేసుకోవచ్చా?" అని అడిగాను.

"మీ ఇష్టం, అక్కా. అడిగేటోడు లేడు."

"అయితె వదినెకిచ్చిన."

"ఈ పీడ నాకెందుకే?" అంది వదినె, దాన్ని ఇంకాస్త గట్టిగా ఒళ్లోకి హత్తుకుంటూ. అంబాదాస్ ఆమెకు దండం పెట్టాడు. "సేఠ్‌ది అయితె మళ్ల గెలుచుకుందామనుకున్న. వదినెది అయితె ఇగ నాతోటి గాదు" అని నవ్వుకుంటూ దిగిపోయాడు.

అన్న ఇంకా గోడ అవతలే నిలబడి ఉన్నాడు. జొన్నల డబ్బా చేతిలోనే ఉంది. గోడ మీద చెయ్యి పెట్టి, "ఇన్నేండ్ల సంది నేను పిలిస్తె దిగుతున్నయనుకున్న" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. తర్వాత భార్య వైపు చూశాడు. "లీలా. నీ పక్షిని నా గూట్ల వెట్టుకోనిస్తవా?"

"ఉత్తగనేనా?"

"ఏం గావాలె, చెప్పు."

మాటకు మాట తడుముకోని మనిషి తల వంచుకుంది. చుక్కి ఈకలు సర్దింది. నేను లేచి పోదామా అనుకున్నాను గానీ, మా డాబా మీంచి నేనెక్కడికి పోను?

"సముద్రం కాడ అడిగిన గద. ఒక్క గంట" అంది.

అన్న ముఖంలో రంగు మారింది. విననట్టు ఊరుకున్న మాట ఆయన విన్నాడన్నమాట. ఆకాశం వైపు ఒకసారి చూసి, "సరే. నాలుగ్గంటలది నీకే ఇస్త" అన్నాడు. జామపండు జేబులోంచి తీసి ఇచ్చేసినట్టే ఉంది.

"అది మీరే ఉంచుకోన్రి" అంది వదినె. "మొగులు దిక్కు నోరు తెరుసుకోని నిలవడితె నాకేమొస్తది? మీ గంట నాకొద్దు. పొద్దుగాల నా గంట ఉంటది. దాంట్లకు వచ్చి కూసోన్రి."

అన్న డబ్బా కింద పెట్టాడు. ఆ వయసులో ఆ గోడ దూకబోయి, పంచె తట్టుకుని, నా సాయంతో ఇవతలికి దిగి, వదినె పక్కన బియ్యంలోనే కూర్చున్నాడు. చుక్కిని ముట్టుకోలేదు. వదినె చెయ్యి పట్టుకున్నాడు. నేను ఇక ఆగకుండా కిందికి దిగి స్టవ్ మీద టీ పెట్టాను.

మర్నాడు పొద్దున చీర ఆరేయడానికి పైకి పోతే గోడ అవతల పీట మీద వదినె, పక్కన కింద గోనెసంచి పరుచుకుని అన్న. దుకాణం నర్సింహులు తెరుస్తాడట. నవాబూ చుక్కీ వాళ్ల చుట్టూ తిరుగుతున్నాయి. బస్తాల కొద్దీ పప్పు అమ్మిన ఆ మనిషికి చాటలో రాయి ఏరడం రావడం లేదు. మంచి గింజలు పారేసి రాళ్లు ఉంచుతున్నాడు.

"మీ చేతుల మన్నువడ, గిట్లనా ఏరేది? జరుగున్రి, మీ నీడ బియ్యం మీద వడుతాంది" అంది వదినె.

ఆయన జరిగాడు, ఆమె వైపుకే.